హెచ్‌ఐవీ భయం ఒకచోట, ముప్పు మరోచోట

ఓరల్ సెక్స్ మాట వస్తే తెలుగువాళ్లు గొంతు తగ్గించి అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే: "దానివల్ల ఎయిడ్స్ వస్తుందా?" ఆ ప్రశ్న ఊరికే పుట్టలేదు. తొంభైల నుంచి బస్టాండు గోడల మీద, పీహెచ్‌సీ వరండాల్లో కనబడిన హెచ్చరికలన్నీ ఆ ఒక్క జబ్బు గురించే. సెగ, సవాయి, కొరుకు లాంటి పాత పేర్లు తాతల తరంతోనే పోయాయి. పేర్లు పోయాయి గానీ జబ్బులు పోలేదు. ముందు హెచ్‌ఐవీ సంగతి తేల్చేస్తే వాటి గురించి మాట్లాడుకోవడానికి చోటు దొరుకుతుంది.

నోటి ద్వారా హెచ్‌ఐవీ సోకే అవకాశం చాలా తక్కువ. మందులు వాడని హెచ్‌ఐవీ రోగితో 10,000 సార్లు సంపర్కం జరిగితే ఎన్నిసార్లు వైరస్ అంటుకోవచ్చో అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ ఒక అంచనా పట్టిక వేసింది. ఆసన సంభోగంలో స్వీకరించే వారికి 138, సూది పంచుకుంటే 63, యోని సంభోగంలో స్త్రీకి 8, పురుషుడికి 4. ఓరల్ సెక్స్ గడిలో మాత్రం అంకె లేదు, "తక్కువ" అన్న మాట ఒక్కటే ఉంది. స్పెయిన్‌లో ఒకరికి హెచ్‌ఐవీ ఉండి మరొకరికి లేని జంటలను ఏళ్ల తరబడి గమనించి 2002లో ఫలితాలు ప్రచురించారు. వైరస్ లేని 135 మంది, కండోమ్ లేకుండా 19,000కు పైగా ఓరల్ సెక్స్ సందర్భాలు. ఒక్కరికీ సోకలేదు.

ఇందులో ఎక్కువ పుణ్యం లాలాజలానిది. వైరస్‌ను మోసుకొచ్చే కణాలు ఉమ్మిలో పడితే పగిలిపోతాయి. వైరస్‌ను కుంటుపరిచే ప్రొటీన్లు కూడా అందులో ఉన్నాయి. చిగుళ్ల నుంచి రక్తం కారుతున్నా, నోట్లో పుండ్లున్నా, వీర్యం నోట్లో పడినా ముప్పు కొంత పెరుగుతుంది. అయినా అది చిన్న అంకెకు చిన్న అంకె కూడినట్టే. హెచ్‌ఐవీని అణచిపెట్టే ఏఆర్‌టీ మందులు సరిగ్గా వాడుతూ రక్తంలో వైరస్ కనబడని స్థితికి చేరిన వ్యక్తి నుంచైతే ఏ రకం సెక్స్‌లోనూ హెచ్‌ఐవీ రాదు.

హెచ్‌ఐవీని ఆపే ఈ లాలాజలం గనేరియాను ఆపలేదు. మన పాతకాలం వాళ్లు సెగరోగం అన్నది దీన్నే. మగవాళ్లలో ఇది చెప్పకుండా రాదు: రెండు రోజుల నుంచి వారంలోపు మూత్రంలో మంట, లోదుస్తుల మీద పసుపుపచ్చ చీము మరక. అది చూశాక ఎంత సిగ్గున్నా ఆసుపత్రికి వెళ్లక తప్పదు. అదే క్రిమి గొంతులో చేరితే అత్యధికుల్లో ఏ సూచనా ఉండదు. మహా అయితే ఓ రెండు రోజులు గొంతు గరగర. ఉప్పునీళ్లు పుక్కిలిస్తారు, అల్లం టీ తాగుతారు, మరిచిపోతారు. క్రిమి మాత్రం వారాల తరబడి, కొన్నిసార్లు నెలల తరబడి అక్కడే ఉంటుంది. అక్కడి నుంచి మళ్లీ ఓరల్ సెక్స్ ద్వారానే ఇంకొకరి మూత్రనాళానికి చేరుతుంది. పురుషాంగానికి ఓరల్ సెక్స్ చేసేవారికి ఈ ముప్పు ఎక్కువ, స్త్రీకి చేసేవారికి తక్కువ. క్లమీడియా అనే ఇంకో సుఖవ్యాధి కూడా ఇదే దారిలో రాగలదు గానీ గొంతు దానికి అంత అనువైన చోటు కాదు.

మన ఆరోగ్య వ్యవస్థకు ఈ గొంతు కనబడదు. ప్రభుత్వాసుపత్రుల్లో సుఖవ్యాధుల చికిత్స చాలా ఏళ్లుగా లక్షణాన్ని బట్టి కిట్ ఇచ్చే పద్ధతిలో నడుస్తోంది. ల్యాబు లేనిచోట కూడా వైద్యం ఆగకూడదని జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నాకో చేసిన ఏర్పాటు అది. చీము కారుతుంటే బూడిదరంగు కిట్, పుండు ఉంటే తెల్లది, హెర్పిస్ పొక్కులైతే ఎర్రది, పొత్తికడుపు నొప్పి అయితే పసుపుది. నిరుపేద రోగికి కూడా మొదటి రోజే మందు అందేలా చేసిన మంచి పద్ధతే. కాకపోతే లక్షణమే లేని గొంతుకు ఏ రంగూ లేదు. మూత్ర పరీక్ష చేయించినా లాభం లేదు, మూత్రంలో గొంతు కనబడదు కదా. గొంతు వెనక నుంచి స్వాబ్ తీసి, క్రిమి జన్యువును పట్టే న్యాట్ పరీక్ష చేస్తేనే తేలుతుంది. ఆ పరీక్షకు గొంతు స్వాబ్ వాడటానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థే 2019లో గానీ అనుమతి ఇవ్వలేదు. అలా అనుమతి పొందిన పరీక్షల్లో ఒకటి నడిచే యంత్రం మన జిల్లా టీబీ ల్యాబుల్లో కళ్లె పరీక్షకు వాడే జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రమే, పెట్టే క్యాట్రిడ్జి వేరు.

స్వాబ్ తీయాలంటే ముందు డాక్టరు అడగాలి, రోగి చెప్పాలి. చర్మ, సుఖవ్యాధులు చూసే డీవీఎల్ ఓపీలో బల్ల చుట్టూ పదిమంది నిలబడి ఉండగా, చీటీ మీద పేరు రాస్తూనే "బయట తిరుగుళ్లు ఉన్నాయా?" అని ఒక్క ముక్కలో ముగిసే ప్రశ్నకు, నోటి సంగతి జవాబుగా రాదు. దీనికి చట్టం నీడ కూడా తోడైంది. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా, సెక్షన్ 377 కింద మొగుడూ పెళ్లాల మధ్య ఇష్టపూర్వకంగా జరిగే ఓరల్ సెక్స్ కూడా కాగితం మీద నేరమే. నూటయాభై ఏళ్లకు పైగా నేరంగా ఉన్న పనిని ఓపీ బల్ల ముందు ఎవరు ఒప్పుకుంటారు?

మందు దగ్గర ఇంకో చిక్కు. మూత్రనాళంలో గనేరియాను తుడిచేసే మందు గొంతులో తేలిపోవచ్చు. బూడిదరంగు కిట్‌లో ఉండే సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాముల మాత్ర గొంతు గనేరియా మీద అంత నమ్మకంగా పనిచేయదు. అమెరికాలో 2012లోనే దాన్ని మొదటి వరస చికిత్స నుంచి తప్పించారు. ఇప్పుడక్కడ వాడేది సెఫ్ట్రయాక్సోన్ 500 మిల్లీగ్రాముల ఇంజెక్షన్, కండకు ఒక్క డోసు. మూత్రనాళానికైతే అంతటితో సరి. గొంతుకైతే 7 నుంచి 14 రోజుల తర్వాత మళ్లీ పరీక్షించి పోయిందో లేదో చూడమంటారు.

గొంతుకు ఈ ప్రత్యేకత ఎందుకంటే, అక్కడ గనేరియా క్రిమికి చుట్టాలున్నారు. అది నైసీరియా కుటుంబానికి చెందిన బ్యాక్టీరియా. అదే కుటుంబంలోని అమాయక జాతులు కొన్ని దాదాపు ప్రతి మనిషి గొంతులోనూ చిన్నప్పటి నుంచీ కాపురం ఉంటాయి, ఏ హానీ చేయవు. మనం జలుబుకీ గొంతు నొప్పికీ మింగిన యాంటీబయాటిక్ దెబ్బలన్నీ తిని రాటుదేలేవి అవే. బయటి నుంచి గనేరియా క్రిమి వచ్చి పక్కన చేరితే, ఆ రాటుదేలిన జన్యువు ముక్కల్ని దానికి అందిస్తాయి. జపాన్‌లోని క్యోటోలో 2009లో ఒక సెక్స్ వర్కర్ గొంతు నుంచి తీసిన క్రిమి, చివరి ఆయుధంగా మిగిలిన సెఫ్ట్రయాక్సోన్‌కే గట్టిగా ఎదురు నిలిచింది. ప్రపంచంలో అలాంటిది దొరకడం అదే మొదలు. 2018లో బ్రిటన్‌లో ఒక వ్యక్తి ఆగ్నేయాసియా నుంచి తెచ్చుకున్న గనేరియా ఇంజెక్షన్ల తర్వాత మూత్రనాళంలో పోయింది, గొంతులో పోలేదు. చివరికి ఆసుపత్రుల్లో ప్రాణాల మీదికొచ్చిన ఇన్ఫెక్షన్లకు వాడే ఎర్టాపెనెమ్‌ను నరానికి ఎక్కిస్తే గానీ లొంగలేదు.

"అన్నా, గొంతు నొప్పిగా ఉంది, అజిత్రో ఓ మూడు ఇవ్వు." చీటీ లేకుండా, బిల్లు లేకుండా, మన వీధి చివర మెడికల్ షాపులో రోజూ వినబడే మాట ఇది. సాధారణ గొంతు నొప్పిలో ఎక్కువ భాగం వైరస్‌ది, దాని మీద ఆ యాంటీబయాటిక్ మాత్ర పనిచేయదు. ఎవరి మీద పనిచేస్తుందంటే, పైన చెప్పిన ఆ అమాయక చుట్టాల మీద. క్యోటో కథకు మన గల్లీకి ఉన్న సంబంధం అదే. ఎయిడ్స్ మీద వేసినన్ని పోస్టర్లు ఈ మూడు మాత్రల అలవాటు మీద వేయకపోవడం వింతే.

మౌత్‌వాష్‌తో పుక్కిలిస్తే పోతుందేమోనన్న ఆశ శాస్త్రవేత్తలకూ కలిగింది. ఆస్ట్రేలియాలో 2016 నాటి చిన్న ప్రయోగం ఊరించింది, 2021లో వచ్చిన పెద్ద ప్రయోగం తేడా ఏమీ లేదని తేల్చింది.

సవాయి, అంటే సిఫిలిస్, దాక్కునే పద్ధతి వేరు. ఇది కనబడుతూనే దాక్కుంటుంది. క్రిమి తగిలిన చోట, సగటున మూడు వారాలకు, ఒక పుండు వేస్తుంది. అది పెదవి మీదో నాలుక మీదో వేస్తే మనవాళ్లకు వెంటనే తోచేది నోటి పూత. వేడి చేసిందనుకుంటారు, మజ్జిగ తాగుతారు, బీ కాంప్లెక్స్ గోళీలు వేసుకుంటారు. మూడు నుంచి ఆరు వారాల్లో పుండు దానంతట అదే మానిపోతుంది, పేరు బీ కాంప్లెక్స్‌కు వస్తుంది. జబ్బు మాత్రం రక్తంలోకి దిగిపోయి ఉంటుంది. తేడా కనిపెట్టే గుర్తు ఒకటుంది. మామూలు నోటి పూత కారం తగిలితే ప్రాణం తీస్తుంది, చిన్నగా ఉండి వారం పది రోజుల్లో పోతుంది. సిఫిలిస్ పుండు సాధారణంగా ఒక్కటే ఉంటుంది, అంచులు గట్టిగా ఉంటాయి, నొప్పి దాదాపు ఉండదు. నొప్పి లేని పుండును ఎవరు పట్టించుకుంటారు? తర్వాతి దశలో అరచేతుల్లో, అరికాళ్లలో దురద లేని మచ్చలు వస్తే చర్మవ్యాధి అనుకుని పూతమందు రాసుకునేవాళ్లూ ఉంటారు.

ఓరల్ సెక్స్ ద్వారా సిఫిలిస్ ఎంతమేర వ్యాపిస్తుందో అమెరికాలోని షికాగో నగరంలో లెక్క తీశారు. 1998 నుంచి 2002 దాకా తొలి, మలి దశల సిఫిలిస్ రోగుల్ని ప్రశ్నిస్తే 13.7 శాతం మందికి అది ఓరల్ సెక్స్ ద్వారానే వచ్చినట్టు తేలింది. పురుషులతో సెక్స్ చేసే పురుషుల్లో ఆ వాటా 20.3 శాతం. ఇది సురక్షితం అనుకుని మిగతావన్నీ మానేసి దీనికే పరిమితమైనవాళ్లూ వాళ్లలో ఉన్నారు. హెచ్‌ఐవీ విషయంలో వాళ్ల లెక్క సరైనదే, సిఫిలిస్ విషయంలో తప్పింది. ఊరట ఏమిటంటే, తొలి దశల్లో దీన్ని నయం చేసేది పాత మందే: బెంజాథిన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు, పిరుదుకు, ఒక్కసారి. నడవనివ్వనంత నొప్పి పుట్టించే సూది గానీ, దశాబ్దాలుగా ఆ క్రిమి దానికి ఎదురు తిరగలేదు.

హెర్పిస్ దగ్గర విషయం మందులది కాదు, కాపురాలది. జ్వరం వచ్చి తగ్గాక పెదవి అంచున గుంపుగా నీటి పొక్కులు లేస్తాయి. మూతి పేలింది అంటారు. అది హెర్పిస్ వైరస్ మొదటి రకం పని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 అంచనా ప్రకారం 50 ఏళ్లలోపు వారిలో మూడింట రెండు వంతుల మందిలో, అంటే 370 కోట్ల మందిలో అది ఉంది. మనలో చాలామందికి పసితనంలోనే, ముద్దు పెట్టిన అమ్మమ్మ దగ్గర్నుంచో ఎంగిలి గ్లాసు నుంచో వచ్చేసి ఉంటుంది. నరాల్లో పడుకుని అప్పుడప్పుడు లేస్తుంది. పెదవి మీద పొక్కు ఉన్నప్పుడు, కొన్నిసార్లు లేనప్పుడు కూడా, ఓరల్ సెక్స్ చేస్తే ఆ వైరస్ ఎదుటివారి జననాంగాలకు చేరగలదు.

ఇప్పుడు ఒక ఇంట్లోకి తొంగి చూద్దాం. భార్యకు మూత్రం పోసుకోవాలంటే ప్రాణం పోతోంది, జననాంగం దగ్గర పొక్కులు చితికి పుండ్లయ్యాయి. డాక్టరు చీటీ మీద హెర్పిస్ అని రాశారు. బయటికొచ్చి ఆ మాట ఫోన్‌లో కొడితే "లైంగిక వ్యాధి" అని వచ్చింది. భర్త ముఖం మారిపోయింది. రాత్రికి పెద్దమనుషుల దాకా వెళ్లే మాటలు మొదలయ్యాయి. ఆ పుండు నుంచి స్వాబ్ తీసి ఏ రకమో చూస్తే మొదటి రకమని తేలవచ్చు. రెండు వారాల కిందట భర్త పెదవి మీద పేలిన పొక్కే దానికి మూలం కావచ్చు. అతనికది ఏ మూడో ఏటో వచ్చి ఉంటుంది. ఇద్దరిలో ఎవరూ గడప దాటకపోయినా హెర్పిస్ రావచ్చన్న ఒక్క ముక్క, చీటీ రాసే చోటే చెబితే సగం గొడవలు పుట్టవు. రక్తంలో యాంటీబాడీల పరీక్ష మాత్రం ఈ పంచాయితీ తీర్చలేదు. అది వైరస్ ఒంట్లో ఉందంటుంది గానీ ఎక్కడుందో, ఎప్పుడొచ్చిందో, ఎవరిచ్చారో చెప్పదు.

ఒక్క సమయంలో మాత్రం ఇది కాపురం గొడవ కాదు, ప్రాణం గొడవ. అంతకుముందు హెర్పిస్ లేని స్త్రీకి కడుపుతో ఉండగా, ఏడో నెల దాటాక కొత్తగా జననాంగాల్లో సోకితే, బిడ్డకు ఇవ్వాల్సిన యాంటీబాడీలు తయారయ్యే వ్యవధి ఉండదు. కాన్పు దగ్గరపడ్డాక అలా సోకిన తల్లులకు మామూలు కాన్పు అయితే, పుట్టే బిడ్డల్లో మూడోవంతు నుంచి సగం దాకా వైరస్ అంటవచ్చు. పుట్టిన బిడ్డలో హెర్పిస్ మెదడునూ కాలేయాన్నీ దెబ్బతీస్తుంది. ఆ నెలల్లో మూతి పేలిన భర్త ఓరల్ సెక్స్‌కు దూరంగా ఉండాలన్నది ఎక్కడో విదేశీ జాగ్రత్త కాదు, సీమంతం రోజున చెప్పాల్సిన జాగ్రత్త.

ఇక క్యాన్సర్. ఓరల్ సెక్స్ ద్వారా గొంతుకు చేరగల హెచ్‌పీవీ వైరస్‌లో 16వ రకం గొంతు వెనక భాగంలో, టాన్సిల్స్‌లో, నాలుక మొదట్లో క్యాన్సర్ తేగలదు. అమెరికాలో ఆ చోట వచ్చే క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి హెచ్‌పీవీయే కారణమంటారు. అక్కడి మగవాళ్లలో ఈ క్యాన్సర్ కేసుల సంఖ్య ఆడవాళ్ల గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కేసుల్ని దాటిపోయింది. ఈ అంకెల్ని తెచ్చి మన మీద వేసుకోకూడదు. ఇక్కడ నోటి క్యాన్సర్‌కు అసలు దోషి పొగాకు: గుట్కా, ఖైనీ, జర్దా కిళ్లీ, చుట్ట. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో మత్స్యకార మహిళలు నిప్పు కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అంగిట్లో క్యాన్సర్ తెస్తుందని అర్ధశతాబ్దం కిందటే వైద్యులు రాశారు. నోట్లో గుట్కా పొట్లం పెట్టుకుని ఓరల్ సెక్స్‌తో క్యాన్సర్ వస్తుందేమోనని దిగులు పడేవాడి దిగులు తిరగబడి ఉంది. హెచ్‌పీవీ సోకిన వారిలో ఎక్కువమందికి ఏడాది రెండేళ్లలో ఒళ్లే దాన్ని తుడిచేస్తుంది. మిగిలిపోయిన కొద్దిమందిలో క్యాన్సర్ కావడానికి దశాబ్దాలు పడుతుంది. గొంతులో దాన్ని ముందే పసిగట్టే పరీక్ష లేదు. మెడ పక్కన నొప్పి లేని గడ్డ మూడు వారాలు దాటినా కరగకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించడమే దారి.

టీకా ఉంది. పుణేలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావ్యాక్‌కు 2022లో అనుమతి వచ్చింది, అందులో 16వ రకానికి రక్షణ ఉంది, మగపిల్లలకూ వేయవచ్చు. కానీ హెచ్‌పీవీ టీకా అనగానే తెలుగు నేల మీద కొందరికి గుర్తొచ్చేది ఖమ్మం. 2009లో ఆ జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14,000 మందికి ప్రయోగాత్మకంగా ఈ టీకా వేశారు. వాళ్లలో చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. చాలామందికి తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. కొందరు బాలికలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగింది. మరణాలకు టీకా కారణం కాదని విచారణ కమిటీ చెప్పింది. అనుమతులు తీసుకున్న తీరును 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుబట్టింది. రెండూ నిజాలే. టీకా మంచిదే, వేసిన తీరు చెడ్డది. ఆ తేడా చెప్పకుండా "అపోహలు వీడండి" అని బోర్డు పెడితే భద్రాచలం వైపు ఎవరూ నమ్మరు.

హెపటైటిస్ బీ నోటి దారిలో రావడం అరుదు, టీకా ఎలాగూ ఉంది. నోరు ఆసనానికి తగిలితే మాత్రం హెపటైటిస్ ఏ, షిగెల్లా విరేచనాలు సులువుగా వస్తాయి.

కండోమ్ సంగతి. 1968లో నిరోధ్ వచ్చినప్పటి నుంచి మన దేశంలో దాన్ని కుటుంబ నియంత్రణ వస్తువుగానే చూశారు. గర్భం రాని చోట కండోమ్ ఎందుకన్న ప్రశ్న అందుకే వస్తుంది. పాన్ షాపులో స్ట్రాబెర్రీ, చాక్లెట్ రుచుల కండోమ్‌లు చూసి నవ్వుకునేవాళ్లు చాలామంది గానీ, అవి తయారైంది ఈ పనికే. గనేరియాకు, హెచ్‌ఐవీకి అది గట్టి అడ్డు. సిఫిలిస్‌కు, హెర్పిస్‌కు, హెచ్‌పీవీకి కొంతవరకే, ఎందుకంటే అవి కప్పని చర్మం నుంచీ వస్తాయి. స్త్రీకి చేసేటప్పుడు వాడమని చెప్పే పలచటి రబ్బరు షీటు మన మెడికల్ షాపుల్లో అడిగినా దొరకదు. కండోమ్‌ను నిలువునా కత్తిరించి పరిస్తే అదే పని చేస్తుంది. నిజానికి పాశ్చాత్య దేశాల్లో కూడా ఆ షీటు వాడేవాళ్లు బహు తక్కువ. పుస్తకాల్లో రాసుకునే సలహాగానే మిగిలింది. అంతకంటే జరిగే పని: నోట్లో పుండో, పెదవిపై పొక్కో, కింద పుండో చీమో ఉన్నన్నాళ్లు ఆగడం.

అనుమానం ఉన్నవాళ్లకు సలహా ఇచ్చి పరీక్ష చేసే ప్రభుత్వ ఐసీటీసీ కేంద్రాల్లో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం, నాకో హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం ఫలితం గోప్యంగా ఉంచాలి. సిఫిలిస్ పరీక్ష కూడా అదే రక్తంతో అడగవచ్చు. పుండు వేసిన కొత్తలో అది నెగెటివ్ రావచ్చు కనుక కొన్ని వారాలకు మళ్లీ చేయించుకోవాలి. గొంతు స్వాబ్ మాత్రం అడగకుండా ఎవరూ తీయరు. డాక్టరు ముందు కథంతా చెప్పనక్కర్లేదు. "నోటితో కూడా సంబంధం ఉంది, గొంతు కూడా చూడండి" అంటే చాలు. ఒకవేళ గనేరియా ఉందని తేలితే, సూది ఒక్కరికే పడితే లాభం లేదు. ఇద్దరికీ ఒకేసారి పడాలి. పడ్డాక వారం రోజులు ఏ రకంగానూ కలవకూడదు. లేకపోతే ఒకరి గొంతులో మిగిలింది మళ్లీ రెండో వారి మూత్రనాళంలో తేలుతుంది, మళ్లీ చీటీ, మళ్లీ బూడిదరంగు కిట్.